ఎగువకు

ఆ ఊళ్ళో చలికాలం ఎండ ముందుగా కొండమీది వాళ్ళకే దొరుకుతుంది. ఒడ్డున ఉండేవాళ్ళకి పొగమంచు మిగులుతుంది. నది మీద పుట్టిన ఆ మంచు లోయ నిండా కమ్ముకుని బారెడు పొద్దెక్కేదాకా కదలదు. పైన జనం వీపులు కాచుకుంటూ టీ తాగుతుంటే కింద రేవులో దీపాలు వెలుగుతూనే ఉంటాయి.

పెద్దమెట్లు ఎక్కి వచ్చాక మలుపులో ఒక పిట్టగోడ ఉంది. పెయింటరు రోజూ తెల్లారగానే వచ్చి ఆ గోడ మీద కూర్చుంటాడు. కింది నుంచి మెట్లెక్కి వచ్చేవాళ్ళు మంచులోంచి తేలినట్టు కనిపిస్తారు. ముందు తల, లేదా తలమీది గంప. తర్వాత భుజాలు. నడుము దాకా వచ్చేసరికి ఎవరో తెలిసిపోతుంది. తలకీ భుజాలకీ నడుమ ఉన్న కాసేపు మాత్రం ఆ వచ్చేది ఎవరైనా కావచ్చు. అతను వచ్చేది ఆ కాసేపటి కోసమే.

గొడుగు కొస కనబడిందా, ఇక అతని చూపు కదలదు. నల్లగొడుగుకి ఒక పక్క ఆకుపచ్చ టార్పాలిన్ ముక్క అతుకు ఉందేమోనని చూస్తాడు. ఉండదు. గొడుగు కింది మనిషి పూర్తిగా పైకొచ్చి, అతన్ని దాటి, "చలిగా లేదా అన్నా?" అని పలకరించి పోతుంది. అతను తలూపుతాడు.

గోడ పక్కనే అతను రాసిన బోర్డు ఒకటి ఉంది. సముద్ర మట్టానికి ఈ చోటు ఎంత ఎత్తులో ఉందో చెప్పే బోర్డు. పెళ్ళైన కొత్తలో రాశాడు. ఆ రోజు భార్య కింద రేవు నుంచి సద్ది గిన్నె తెచ్చి, బోర్డు చదివి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నవ్వింది. "సముద్రాన్ని మీలో ఒక్కరైనా చూశారా? చూడని సముద్రం నుంచి కొలుస్తారు, కాళ్ళ కిందున్న నదిని వదిలేసి! కొండవాళ్ళ తెలివి కొండంత అని ఊరికే అన్నారా?" ఆమెది పడవవాళ్ళ ఇల్లు. ఎత్తైనా లోతైనా నది నుంచే చూస్తారు.

"ఏమయ్యా పెయింటరూ, ఎండంతా నువ్వే తాగేస్తున్నావా?"

పురపాలక సంఘం సూపర్‌వైజరు గొంతు అది. చూడక్కర్లేదు. ఊళ్ళో అందరూ అతన్ని చాటుగా మైకు అంటారు. నీళ్ళు రావన్నా, పన్ను కట్టాలన్నా, వాన ముంచుకొస్తోందన్నా బండి మీద మైకు పట్టుకుని చెప్పేది అతనే. ఇంట్లో ఉప్పు వడ్డించమన్నా వీధి వీధంతా వినాల్సిందేనని వాళ్ళావిడే అంటుందట.

"రెండు పనులున్నాయి నీకు. వంతెన స్తంభం మీద నీటిమట్టం గీతలు పోయినసారి వరదకి కొట్టుకుపోయాయి, అవి మళ్ళీ గియ్యాలి. తర్వాత మెట్ల అడుగున గోడ మీద ఇది రాయాలి." ఒక కాగితం ఇచ్చాడు. "నీ చెయ్యంత కుదురైన చెయ్యి ఇంకోటి లేదు, అందుకే నీ దగ్గరికొచ్చా."

పెయింటరు కాగితం చదివాడు. అందులో మూడు వాక్యాలున్నాయి.

వరద సైరన్ మోగగానే అప్రమత్తం కండి. వెంటనే ఎగువకు వెళ్ళండి. హెచ్చరికను పెడచెవిన పెట్టి ప్రాణాలు పోగొట్టుకోకండి.

రెండో వాక్యం పక్కన 'బాణం గుర్తు' అని పెన్సిలుతో రాసి ఉంది.

సూపర్‌వైజరు గొంతు సవరించుకున్నాడు. "మూడోది… ఎవర్నీ ఉద్దేశించి కాదయ్యా. ఎక్కడైనా అలాగే రాస్తారు."

పోయిన వరదలో ఊరు మొత్తానికి పోయింది ఒక్క మనిషి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. పెయింటరు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"అక్షరాలు ఎంత ఎత్తుండాలి సార్?" అని అడిగాడు.

ఆ మూడో వాక్యం అతనికి కొత్తది కాదు. ఎవరూ రాయకముందే అతను దాన్ని లోపల ఎన్నోసార్లు రాసుకున్నాడు. ఆ రోజు మైకు వినగానే చేతిలో పని వదిలేసి ఈ మలుపు దగ్గరికే పరిగెత్తుకొచ్చాడు. కింద రేవులో పనికి పోయిన జనమంతా మెట్లెక్కి వచ్చారు. ఆమె పనిచేసే టార్పాలిన్ కొట్టు యజమాని కూడా రొప్పుతూ వచ్చాడు. "నా వెనకే వస్తోందనుకున్నానే!" అన్నాడు. చీకటి పడేదాకా పెయింటరు అక్కడే నిలబడ్డాడు. తర్వాత ఆమె గొడుగు దొరికింది, మెట్ల దగ్గర కాదు, పడవవాళ్ళ మడుగుకి పోయే ఒడ్డు దారిలో, వాగు దగ్గర ముళ్ళకంపకి చిక్కుకుని. మనిషి దొరకలేదు. ఇంటి పక్కావిడ ఓదార్పుగానే ఒక మాటంది. "ఏం చేస్తావు బాబూ, ప్రాణం మీదికొస్తే ఆడదానికి పుట్టిల్లే గుర్తొస్తుంది." ఆ మాట ముల్లులా దిగింది. ఏడవాల్సినప్పుడల్లా అతనికి కోపమొచ్చేది.

*

వంతెన స్తంభం నడినదిలో ఉంది. దాని దగ్గరికి పోవాలంటే పడవ కావాలి. చలికాలంలో రేవులో ఉండే పడవ ఒక్కటే. దాన్ని నడిపేది అతని బావమరిది. కుర్రతనం నుంచీ అందరూ అతన్ని సరంగు అనే పిలుస్తారు.

డబ్బాలు, చీపురుకట్టంత పెద్ద కుంచె, ఇనుప బ్రష్షు, పాతగుడ్డలు మోసుకుని పెయింటరు మెట్లు దిగాడు. సగం దిగేసరికి ఎండ ఆగిపోయింది. ఇంకాస్త దిగేసరికి తన చెప్పులు తనకే కనబడలేదు. చలి గుడ్డల్లోంచి దూరి ఎముకని పట్టుకుంది. రేవులో ఎక్కడో పడవ గొలుసు చప్పుడైంది.

"ఓహో, బావగారే!" మంచులోంచి గొంతు వినబడింది. "దారి మర్చిపోలేదన్నమాట. కొండదిగి రావడానికి పల్లకీ పంపుదామనుకున్నా."

"పనికొచ్చాను."

"అదేలే. పనుంటేనే వస్తావు. ఎక్కు. కాలు నడిమధ్యన పెట్టు, అంచున పెట్టావంటే ఇద్దరం చన్నీళ్ళ స్నానం చేస్తాం."

వరద తర్వాత వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం అదే మొదలు. సరంగు గడ వేసి తోస్తున్నాడు. మంచులో ఒడ్డు పోయింది. కొండ ఎప్పుడో పోయింది. నీళ్ళ మీద ఆకులు ఒకే వైపుకి జారిపోతున్నాయి. అవి లేకపోతే ఏది ఎటో చెప్పడానికి ఏమీ లేదు.

స్తంభానికి ఉన్న ఇనుపకడియంలోంచి తాడు దూర్చి సరంగు కొసని చేతికి చుట్టుకున్నాడు. పడవకి అడ్డంగా ఒక పలక వేసి, దాని కింద పీటలు పెట్టాడు. పెయింటరు పలక మీద నిలబడి ఇనుప బ్రష్షుతో పాచి గీకాడు. పాచి నల్లగా, మెత్తగా ఊడి నీళ్ళలో పడుతోంది. గుడ్డతో తుడిచి, ఆరిందో లేదో చెంప ఆనించి చూశాడు. చేతికి తెలియని తడి చెంపకి తెలుస్తుంది. తర్వాత తెల్లరంగు పట్టీ వేశాడు. మధ్యాహ్నానికి మంచు విడిచి కాస్త ఎండొచ్చింది, పట్టీ ఆరింది. అప్పుడు నల్లరంగు కలిపి గీతలు మొదలుపెట్టాడు.

గీత గీసేటప్పుడు అతను ఊపిరి బిగబడతాడు. మొదటి గీత కుదిరింది. రెండోది కుదిరింది. మూడోదానికి చెయ్యి అందలేదు. పలక ఇంకాస్త ఎత్తు కావాలి. కుంచె స్తంభం మీదే ఆనించి ఉంచి, వెనక్కి తిరక్కుండా అన్నాడు, "కాస్త ఎగువకు."

సరంగు తాడు లాగాడు. పడవ ఏటికి ఎదురుగా జరిగింది. కుంచె తెల్లపట్టీ మీద అడ్డంగా, మూరెడు పొడవున నల్లటి చార గీసుకుంటూ పోయింది.

"ఒరే! ఏం చేశావురా?"

"ఏం చేశాను? ఎగువకన్నావు, ఎగువకు లాగాను."

"ఎగువకంటే పైకిరా! పలక కింద ఇంకో పీట పెట్టమన్నాను."

"పీట పెట్టమంటే పీట పెట్టమనాలి. పడవలో నిలబడి ఎగువకంటే పడవెటు పోతుంది? ఆకాశానికి ఎగురుతుందా?"

పెయింటరు నెత్తి కొట్టుకున్నాడు. నల్లరంగు నుదుటికి అంటింది. అది చూసి సరంగు కిసుక్కుమన్నాడు. పెయింటరుకీ నవ్వు పెదాల దాకా వచ్చింది. ఆ నవ్వులో ఇంకో నవ్వు వినబడాల్సిన చోటు ఒకటి ఖాళీగా ఉండిపోయింది. ఆమె ఉంటే ఈ కథని కొండమీదా చెప్పేది, రేవులోనూ చెప్పేది. ఇద్దరూ ఒకేసారి ఆగిపోయారు.

"రేపొచ్చి తెల్లరంగు వేస్తాలే," అన్నాడు పెయింటరు.

"రేపొస్తావో రావో. రమ్మన్న చోటికి వచ్చే మనిషివి కాదుగా నువ్వు."

"ఏమన్నావు?"

"ఉన్నమాటే. అక్క రమ్మన్న చోటికే బయల్దేరింది. రాంది నువ్వు."

పెయింటరు కుంచె డబ్బాలో పడేశాడు. "నేను రాలేదా? చీకటి పడేదాకా మెట్ల మీద నిలబడ్డానురా నేను! రాంది మీ అక్క."

"మెట్ల మీద నీకేం పని?" అన్నాడు సరంగు. ఆ మాటని అతను వెటకారంగా అనలేదు. నిజంగానే అర్థంకాక అడిగినట్టు అన్నాడు. అది పెయింటరుకి ఇంకా మంట పుట్టించింది. గుడ్డ తీసి చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. అవి శుభ్రపడ్డాక కూడా తుడుస్తూనే ఉన్నాడు.

*

మర్నాడు మంచు ఇంకా దట్టంగా దిగింది. స్తంభం పని చెయ్యడానికి లేదు. పడవ అవతలి ఒడ్డు నుంచి జనాన్ని తేవడానికి పోయింది. పెయింటరు రేవు పాకలో నిలబడ్డాడు. లోపల కుంపటి దగ్గర అత్త కూర్చుని తాడు పేనుతోంది. అతన్ని చూసి తల దించుకుంది.

ఆ దించుకోవడంలో మర్యాదా ఉంది, తిరస్కారమూ ఉంది. వరద నాటి నుంచి ఆమె అతనితో నేరుగా మాట్లాడటం లేదు. ఇప్పుడు పాకలో మూడోమనిషి లేకపోయేసరికి కుంపటితో మాట్లాడింది.

"నిలబడ్డ మనిషిని మంట దగ్గరికి జరగమను. చలికి బిగుసుకుపోతే ఆ నింద కూడా మనకే."

పెయింటరు జరిగాడు. అతనూ కుంపటితోనే అన్నాడు, "మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయో అడుగు."

"ఉన్నాయని చెప్పు. అవైనా నన్ను వదలకుండా ఉన్నాయి."

గుంజకి కొట్టిన మేకుకి ఆ గొడుగు వేలాడుతోంది. ముళ్ళు గీరిన చోట బట్ట పోగులు లేచింది. ఆకుపచ్చ అతుకు మాత్రం చెక్కుచెదరలేదు. మైనం పూసిన దారంతో, దబ్బనంతో, టార్పాలిన్ కుట్టే గట్టి కుట్టుతో ఆమె తనే వేసుకున్న అతుకు అది. "గొడుగు పోయినా అతుకు మిగులుతుంది చూడండి," అనేది. చెయ్యి చాచబోయాడు.

"అది అక్కడే ఉండనీమను," అంది అత్త.

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

నది మీద తెడ్ల చప్పుడు వినిపించింది. అత్త తాడు పక్కన పెట్టి, మోకాళ్ళు పట్టుకుని లేచి, పాక అంచున నిలబడింది. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుని కేకేసింది.

"ఎగువకో… ఓ… ఎగువకో!"

అంత ముసలి గొంతులోంచి అంత కేక వస్తుందని అతను అనుకోలేదు. అది మంచుని చీల్చుకుంటూ పోయింది. "ఎగువకే… ఏ!" అని అవతల నుంచి సరంగు జవాబు. తెడ్ల చప్పుడు ఏటికి ఎదురుగా మళ్ళింది, కాసేపటికి పడవ సరిగ్గా రేవుకి వచ్చి ఆనింది. మంచులో పడవ మనిషికి తెలియకుండానే వాలుకి జారిపోతుంది. కేక విని ఎదురుకి తిప్పితే రేవు తప్పదు.

ఆమె మళ్ళీ వచ్చి కూర్చుంది. ఈసారి కుంపటితో కాకుండా ఎవరితోనూ కానట్టు అంది. "నీళ్ళు లేచినా ఇదే కేక. కేక వినబడితే చేతిలో ముద్ద వదిలేసైనా ఏటికి ఎదురు నడిచి మడుగుకి పోవాలి. అక్కడ కొండరాయి అడ్డం, వరద లోపలికి రాదు. మా ఇంట్లో పిల్లలు పాలతోపాటు ఈ కేక తాగారు."

పెయింటరు కుంపటిలో నిప్పుకేసి చూస్తూ ఉండిపోయాడు. ఏదో ఒకటి గుచ్చుకుంది. ఏమిటో తెలియలేదు. టీ గ్లాసు ఎవరిచ్చారో కూడా చూసుకోకుండా తాగాడు.

*

ఆ మరుసటి రోజు గోడ మీద రాత మొదలుపెట్టాడు.

మెట్లు మొదలయ్యే చోట, నదికి ఎదురుగా రాతిగోడ. ముందురోజు సాయంత్రమే దానికి పసుపురంగు పూత వేసి పెట్టాడు. ఇప్పుడు నీలంపొడి రాసిన దారాన్ని ఈ చివరా ఆ చివరా మేకులకి బిగించి, నడిమధ్య పట్టి లాగి వదిలాడు. టప్పున గోడ మీద తిన్నగా నీలిగీత పడింది. గీతల మధ్య సుద్దముక్కతో అక్షరాల జాగా కొలుచుకున్నాడు. ఎడమచేతిలో చేతికర్ర, దాని మీద కుడిమణికట్టు. మొదటి వాక్యం అయింది. చుట్టూ మంచు ఎంత దట్టంగా ఉందంటే గోడా అతనూ తప్ప ఊరే లేనట్టుంది.

రెండో వాక్యం. 'వెంటనే' అయింది. తర్వాత ఎ. గు రాసేటప్పుడు కొమ్ముని నిదానంగా తిప్పాడు. వ. కు. 'వెళ్ళండి' కూడా రాసి, వెనక్కి జరిగి, కళ్ళు చికిలించి చూసుకున్నాడు. సమంగా వచ్చింది.

ఇక బాణం గుర్తు.

ఎర్రరంగులో కుంచె ముంచి, అంచుకి రాసి, గోడకి ఆనించబోయి ఆగాడు. ఇందులో ఆలోచించాల్సింది ఏముంది? బాణం మెట్ల వైపుకి, పైకి ఉండాలి. అతను తల తిప్పి మెట్లకేసి చూశాడు. నాలుగైదు మెట్లున్నాయి. ఆపైన తెలుపు. కొండ లేదు. ఇల్లు లేదు. ఎత్తన్నదే లేదు. వెనక్కి తిరిగి చూశాడు. అటూ తెలుపే. ఆ తెలుపులో నది చప్పుడొక్కటే ఉంది. ఎడమ చెవిలోంచి కుడి చెవికి పోతున్నట్టు, ఎటు నుంచి ఎటు పోతుందో స్పష్టంగా చెబుతూ.

ఎర్రరంగు చుక్క కుంచె కొసన తయారై, కాళ్ళ మీద పడింది.

మైకుకి బాణం ఉండదు.

వరద వచ్చిన రోజూ ఊళ్ళో చినుకు లేదు. ఎక్కడో దూరపు కొండల మీద కురిసిన వాన అది. లోయలోకి మబ్బు దిగి కూర్చుని ఉంది. టార్పాలిన్ కొట్టు ఇక్కడికి పిలుపు దూరం. ఆమె చూరు పరదాలు చుట్టి కడుతూ ఉండి ఉంటుంది. పైన ఎక్కడో, కనబడని చోటు నుంచి ఒక పెద్ద గొంతు అరిచింది. కొండమీద ఆ మాటకి ఒక్కటే అర్థం. ఎగువవీధి, దిగువవీధి అని అతను చిన్నప్పటి నుంచీ అంటూనే ఉన్నాడు, కాపురానికొచ్చాక ఆమె కూడా అనేది. కానీ ఆ క్షణం ఆమె కాళ్ళు ఒడ్డున ఉన్నాయి. నీళ్ళు లేస్తున్నాయి. చెవిలో పడింది పుట్టినప్పటి నుంచీ విన్న మాట.

పెడచెవిన పెట్టలేదు. విన్నది. విన్న వెంటనే బయల్దేరింది.

పెయింటరు చేతికర్ర గోడకి ఆనించి, కింది మెట్టు మీద కూర్చున్నాడు. కుంచె చేతిలోనే ఉంది. మెట్ల మీద నీకేం పని, అని సరంగు అడిగాడు. అందరినీ ఎగువకు రమ్మన్నారు కదా, ఆమె మొగుడు ఎందుకు రాలేదని ఆ పాకలో ఇన్నాళ్ళూ అనుకుంటున్నారు. ఆమె కూడా అనుకుని ఉంటుందా? వాగు దగ్గర ఆగిందా? దాటే ముందు వెనక్కి తిరిగి చూసిందా, ఆయనా ఇటే వస్తాడని?

అతను పైన నిలబడి మంచులోకి చూస్తున్నప్పుడు, ఆమె కూడా మంచులోకి చూస్తూ నిలబడి ఉండవచ్చు.

ఏడుపొచ్చింది. కోపం ఈసారి అడ్డం రాలేదు.

*

సూపర్‌వైజరు వచ్చేసరికి గోడ మీద మొదటి వాక్యం మాత్రమే ఉంది. రెండోది టర్పెంటైన్ గుడ్డతో తుడిచేసి ఉంది. నల్లటి మసక, దాని మీద కొత్తగా సుద్దతో గీసిన అక్షరాలు. 'మెట్లెక్కండి. కొండమీదికి రండి. నది వెంట వెళ్ళకండి.'

"ఏమిటయ్యా ఇది?" గొంతు గోడకి కొట్టుకుని తిరిగొచ్చింది. "కాగితంలో ఉన్నది రాయమన్నానా, నీకు తోచింది రాయమన్నానా? ఇంజనీరుగారు ఒప్పుకున్న మాటలవి."

"అవును సార్."

"మరి? రెండు ముక్కల్లో పోయేదాన్ని ఇంత పొడుగు చేశావు. ఎగువకంటే ఎవరికి తెలీదు?"

పెయింటరు గుడ్డ మడతపెట్టాడు. అతని గొంతులో కోపం లేదు. అలసిపోయినవాడిలా అన్నాడు, "సార్, ఆ రోజు ఏమన్నారో ఇంకొక్కసారి అనరూ."

"ఏ రోజు?"

"ఆ రోజు. బండి మీద నుంచి."

సూపర్‌వైజరు అతని ముఖంలోకి చూశాడు. ఈ మనిషి తనని తప్పుపడుతున్నాడేమోనని వెతికాడు. "నేను చెప్పాల్సింది చెప్పానయ్యా. గొంతు పోయేదాకా చెప్పాను. కావాలంటే ఊరంతా సాక్ష్యం."

"చెప్పారు. నేనూ విన్నాను. ఒక్కసారి అనండి సార్. నదికేసి తిరిగి అనండి."

ఎందుకో అతనికి కాదనబుద్ధి కాలేదు. నది వైపు తిరిగి, ఛాతీ నింపుకుని, మైకు లేకుండానే మైకంత గొంతుతో అన్నాడు.

"నది పొంగుతోంది! అందరూ ఎగువకు వెళ్ళండి! ఎగువకు!"

మాట మంచులోకి పోయింది. ఒక్క క్షణం నీళ్ళ చప్పుడు.

"ఎగువకే… ఏ!"

దగ్గర్లోనే, మంచు లోపల నుంచి వచ్చింది జవాబు. రేవుకి చేరబోతున్న పడవ అది. తెడ్లు గబగబా పడ్డాయి. ఆ చప్పుడు మెట్ల వైపు రాలేదు. ఏటికి ఎదురుగా మళ్ళి, వాగు ఉన్న దిక్కుగా, మెల్లమెల్లగా దూరమై పోయింది. చివరికి అదీ వినబడలేదు.

సూపర్‌వైజరు ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది.

"వాళ్ళు… అటెందుకు పోతున్నారు?" అన్నాడు.

పెయింటరు మడిచిన గుడ్డ గోడ వారన పెట్టాడు.

"వాళ్ళు అటెందుకు పోతున్నారయ్యా?"

రెండోసారి అడుగుతుండగానే అతనికి తెలిసింది. తెలియడం ముఖంలో కనబడింది. ముందు నోరు మూతపడింది, తర్వాత కళ్ళు ఆ వాగు ఉన్న దిక్కుకి పోయి అక్కడే నిలబడ్డాయి. చెయ్యి కిందికి దిగి, జేబు వెతికి, ఏమీ తీసుకోకుండా బయటికొచ్చింది.

"నేను కొండమీదే పుట్టానయ్యా," అన్నాడు. అంత చిన్నగొంతు అతనిలో ఉందని ఊళ్ళో ఎవరికీ తెలియదు.

"నేనూ అక్కడే పుట్టాను సార్," అన్నాడు పెయింటరు.

ఇద్దరూ గోడకేసి తిరిగి నిలబడ్డారు. కాసేపటికి సూపర్‌వైజరు కిందికి వంగి, గోడ వారన రాయి కింద పెట్టిన కాగితం తీసి, నాలుగు మడతలు పెట్టి, గుప్పిట్లో ఉంచుకున్నాడు.

"మూడో వాక్యం వద్దులే."

"సరే సార్."

"ఇంజనీరుగారికి నేను చెబుతాను. ఎలా చెప్పాలో…" ఆగాడు. "చెబుతాను."

అతను మెట్లెక్కి పోతుంటే ముందు భుజాలు పోయాయి, తర్వాత తల. పెయింటరు సుద్ద అక్షరాల మీద నల్లరంగు పెట్టడం మొదలుపెట్టాడు. కాసేపటికి తెడ్ల చప్పుడు తిరిగొచ్చింది. "ఎవడ్రా ఆ కేకేసింది? ఎక్కడా నీళ్ళు లేవలేదే!" అని సరంగు తిట్లు లంకించుకున్నాడు. అత్త గొంతు అతనికి ఏదో చెప్పింది. తిట్లు ఆగిపోయాయి.

*

మర్నాడు తెల్లారాక పిట్టగోడ మీద ఎవరూ కూర్చోలేదు.

పెయింటరు దాన్ని దాటి, తన బోర్డు దాటి, మెట్లు దిగాడు. ఎండలోంచి మంచులోకి దిగేటప్పుడు ఒక్కసారి ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. పైనుంచి చూసేవాళ్ళెవరైనా ఉంటే వాళ్ళకి ముందు అతని కాళ్ళు మాయమై ఉంటాయి, తర్వాత నడుము, ఆఖరికి తల.

పాకలో కుంపటి రాజుకుని ఉంది. అత్త తలెత్తి చూసింది. ఈసారి దించుకోలేదు.

"వచ్చావా?" అంది.

ఆమె అడిగింది అతన్నే. కుంపటిని కాదు.

"ఆలస్యమైపోయింది అత్తా."

ఆమె మోకాళ్ళు పట్టుకుని లేచి, మేకు మీది గొడుగు తీసింది. కొంగుతో ఒకసారి తుడిచి అతని చేతిలో పెట్టింది. అతను బొటనవేలితో ఆ అతుకు కుట్టు తడిమాడు. ఎక్కడా ఊడలేదు.

సరంగు పడవలో నీళ్ళు తోడి పోస్తున్నాడు. బావ చేతిలో డబ్బాలు లేవు, కుంచె లేదు, గొడుగొక్కటే ఉంది. అది చూసి ఒక వేళాకోళం నోటి దాకా వచ్చింది, మింగాడు. పెయింటరు కాలు నడిమధ్యన పెట్టి ఎక్కాడు. సరంగు గడ చేతిలోకి తీసుకున్నాడు.

"ఎటు బావా? స్తంభం దగ్గరికా? ఆ చార అలాగే ఉంది. తుడవాలిగా."

"తుడుస్తాను. తిరిగొచ్చేటప్పుడు."

"మరి ఇప్పుడు?"

పెయింటరు గొడుగు ఒళ్ళో పెట్టుకుని, నది వస్తున్న దిక్కుకి తిరిగి కూర్చున్నాడు.

"ఎగువకు," అన్నాడు.

సరంగు ఒక్క క్షణం అతని ముఖం చూశాడు. తర్వాత గడని బలంగా నేలకి తన్నిపెట్టి, పడవని ఏటికి ఎదురుగా తిప్పాడు.